హాస్య నాటికల పేరుతో వసూళ్లు: విజయవాడ, గుంటూరు వాళ్లు జాగ్రత్త

బందరు రోడ్డు పొడవునా ఫ్లెక్సీలు కట్టి, వాట్సాప్ గ్రూపుల్లో ఊదరగొట్టిన ఆ 'మూడు హాస్య నాటికలు' ప్రోగ్రాంకి దయచేసి ఎవరూ టికెట్ కొనకండి. ఏ ప్రోగ్రామో ఇక్కడ చాలామందికి తెలుసు. వచ్చే శనివారం గుంటూరులో కూడా పెడుతున్నారని నిన్న ఇక్కడ విజయవాడలో స్టేజీ మీదే చెప్పారు. అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నాను.

టికెట్ 300. దాని మీద జీఎస్టీ అని ఇంకో 54. అమ్మా నాన్నా, తమ్ముడూ, నేనూ కలిపి నలుగురికి 1,416 రూపాయలు ఫోన్‌పే చేశాం. 'మీ టికెట్లు కన్ఫర్మ్' అని మెసేజ్ కూడా వచ్చింది.

సాయంత్రం ఆరున్నరకి అన్నారు. ఏడుంబావు దాకా తెర లేవలేదు. ఆ తర్వాత జ్యోతి ప్రజ్వలన, అతిథుల్ని ఒక్కొక్కరినీ వేదిక మీదకి పిలవడం, ఉపన్యాసాలు, శాలువాలు, మెమెంటోలు, ప్రతి శాలువాకీ ఒక గ్రూప్ ఫొటో. మొదటి నాటిక మొదలయ్యేసరికి ఎనిమిదీ నలభై. నాటిక బాగుంది, అందులో అనుమానం లేదు. పెళ్లిళ్ల పేరయ్య వేషం వేసిన కుర్రాడు జాతకం చదువుతూ కళ్లజోడు సర్దుకుంటుంటే హాలంతా నవ్వింది. నటులందరూ ఉద్యోగాలు చేసుకుంటూ రాత్రిళ్లు రిహార్సల్స్ వేసుకునేవాళ్లే. వాళ్ల మీద నాకు ఏ కోపమూ లేదు.

రెండో నాటిక సగంలో ఉంది. ఇంటి ఓనరు వేషం వేసినాయన డైలాగ్ మధ్యలో ఉన్నాడు. నిర్వాహకుల్లో ఒకాయన మైకు పట్టుకుని నేరుగా స్టేజీ మీదకి వచ్చేసి, 'టైం అయిపోయింది, హాలు పదింటికి ఖాళీ చేయాలి, అందరికీ ధన్యవాదాలు' అన్నాడు. ఆ నటుడు చేతిలో అద్దె రసీదు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. తెర వేసేశారు. మూడో నాటిక ఊసే లేదు.

నాటిక అంటే ముప్పావుగంట, గంట పడుతుంది. మధ్యలో సెట్టు మార్చుకోవాలి, లైట్లు సర్దుకోవాలి. ఎనిమిదీ నలభైకి మొదలుపెట్టి పదింటిలోపు మూడు ఆడటం ఎవరివల్లా కాదు. హాలు ఎప్పటికి ఖాళీ చేయాలో బుక్ చేసుకున్నవాళ్లకి ముందే తెలుసు. తెలిసే సన్మానాలు అంతసేపు సాగదీశారు.

ఇంతా చేసి, అసలు బాధ పెట్టింది ఆ తర్వాత జరిగింది. బయట టేబుల్ దగ్గర మా నాన్న చాలా మర్యాదగా అడిగారు: "బాబూ, మూడన్నారు కదా, ఒకటిన్నరే చూపించారు. సగం డబ్బులైనా వెనక్కి ఇవ్వండి."

"టికెట్ ఎక్కడిదండీ? అది డోనర్ పాస్. మీరిచ్చింది విరాళం. విరాళం ఎవరైనా వెనక్కి అడుగుతారా?" అన్నాడు టేబుల్ దగ్గరున్నాయన. పాస్ తిప్పి చూస్తే వెనకవైపు అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో 'విరాళం' అని ఉంది. "మూడొందల కోసం ఈ వయసులో ఇంత యాగీ ఏంటి పెద్దాయనా" అని పదిమందిలో అనేశాడు. మా నాన్న వయసులో ఉన్నప్పుడు నాటక పోటీలు పెట్టే పరిషత్తుల్లో వేషాలు కట్టిన మనిషి. సొంత డబ్బులతో మేకప్ సామాను కొనుక్కుని, రాత్రి బస్సుల్లో ఊళ్లు తిరిగి నాటికలాడారు. నాటకం వాళ్ల నోటి నుంచే ఆ మాట పడింది ఆయనకి.

"విరాళమైతే జీఎస్టీ ఎందుకు తీసుకున్నారు?" అని మా తమ్ముడు అడిగాడు. వాడు అకౌంట్స్ పని చేస్తాడు. నాటకం టికెట్ 500 దాటకపోతే జీఎస్టీ ఉండదు, 2018 నుంచీ అంతే. ఆ మాట అనగానే టేబుల్ దగ్గరున్నాయన ఫోన్ చెవికి పెట్టుకుని గ్రీన్ రూమ్‌లోకి వెళ్లిపోయాడు. మళ్లీ బయటికి రాలేదు.

తుమ్మలపల్లి కళాక్షేత్రంలో, గాంధీనగర్ హనుమంతరాయ గ్రంథాలయంలో ఎన్నో మంచి నాటికలు ఉచితంగా చూశాం. నాటకానికి జనం డబ్బు పెట్టి రావాలని, నటులకి కనీసం ఖర్చులైనా రావాలని ఎప్పటినుంచో కోరుకుంటున్నాం. అలా వచ్చినవాళ్లని ఇలా పంపిస్తే, రేపు నిజాయితీగా ఆడే నాటక సమాజం టికెట్ పెట్టినా ఎవరూ కొనరు. ఈ నష్టం మా 1,416 కంటే చాలా పెద్దది.

ఇంకో మాట. ఎవరి ప్రోగ్రాంకైనా డబ్బు కట్టే ముందు సభ ఎన్నింటికి, నాటిక ఎన్నింటికి అని విడివిడిగా అడగండి, పాస్ వెనక ఏం రాసి ఉందో చూడండి. గుంటూరు ప్రోగ్రాంకి ఇప్పటికే కట్టినవాళ్లు ఆ మెసేజ్, పేమెంట్ స్క్రీన్‌షాట్ డిలీట్ చేయకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి మేం ఫిర్యాదు చేస్తున్నాం. నిన్న హాల్లో ఉన్నవాళ్లు మీరూ చేయండి.