పిల్లర్ వెనక మూడో బెంచీ: మా కాలేజీ ఫీడ్‌బ్యాక్ పోర్టల్‌కి నేనిచ్చే మార్కులు

మొదటి మిడ్ పరీక్ష అయిన వారంలో ఒకసారి, సెమిస్టర్ చివర్లో ఒకసారి టీచర్లకి మార్కులు వేయించడానికి మా పిల్లల్ని సెక్షన్లవారీగా కంప్యూటర్ ల్యాబ్‌కి తీసుకెళ్తారు. క్లాసుకి అరవై మంది. ల్యాబ్‌లో పనిచేసే సిస్టమ్‌లు నలభై. మిగతా ఇరవై మంది వెనక నిలబడి ముందువాడు ఏం నొక్కుతున్నాడో చూస్తుంటారు. లాగిన్ అయ్యేది హాల్ టికెట్ నంబరుతో. అయిన వెంటనే ఎర్రక్షరాల్లో 'మీ వివరాలు ఎవరికీ తెలియవు' అని వస్తుంది. నంబరు కొట్టించుకుని మరీ ఆ మాట చెబితే ఎవడు నమ్ముతాడు? పైగా వీపు వెనక ఒకడు నిలబడి చూస్తున్నాడాయె.

కోస్తాలో ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో పద్నాలుగేళ్లుగా సివిల్ చెబుతున్నాను. ఎక్కువగా రెండో సంవత్సరం వాళ్లకి స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్, అంటే బరువు పడితే బీమ్‌ల్లాంటివి (దూలాలు) ఎలా తట్టుకుంటాయో చెప్పే సబ్జెక్టు. బిర్యానీకీ మిక్సీకీ కొరియర్ కుర్రాడికీ చుక్కలు ఇస్తున్నాం. మాకు చుక్కలు వేయించే ఈ పోర్టల్ ఎలా పనిచేస్తుందో మాత్రం ఎవరూ రాయడం లేదు. సరే, నేనే రాద్దామని.

వాడకం సంగతి ముందు. ఆరు థియరీలు, మూడు ల్యాబులు, ఒక్కోదానికి పది ప్రశ్నలు. అంటే తొంభై నొక్కులు. ఇచ్చే టైము పదిహేను నిమిషాలు, అదీ లంచ్ బ్రేక్‌లో కోసి ఇచ్చింది. ఒక్క ప్రశ్న వదిలేసినా సబ్మిట్ అవ్వదు. సబ్మిట్ చెయ్యకపోతే హాల్ టికెట్ రాదు. ఆకలి మీదున్న పంతొమ్మిదేళ్ల పిల్లాడు ఇక్కడ ఏం చేస్తాడో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఒక ఏడాది కంప్యూటర్ బ్రాంచి (సీఎస్‌ఈ) కుర్రాడొకడు బ్రౌజర్‌లో అతికిస్తే అన్నిటికీ ఐదుకి ఐదు పడిపోయే లైనొకటి రాశాడు. రెండు రోజుల్లో అది వాట్సాప్‌లో అన్ని సెక్షన్లకీ పాకింది. ఆ సెమిస్టర్ మా కాలేజీ సగటు ఒక్కసారిగా లేచింది. మేనేజ్‌మెంట్ మీటింగ్‌లో మాకు స్వీట్లు పంచారు. కాజాలు బాగున్నాయి, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ప్రశ్నలు చూద్దాం. సిలబస్ టైముకి పూర్తయిందా, గొంతు వెనక బెంచీ దాకా వినిపిస్తుందా, టైముకి క్లాసుకి వస్తున్నారా. ఇవి పిల్లలు తప్ప ఇంకెవరూ చెప్పలేనివి, ఉండాల్సిందే. 'సబ్జెక్టు మీద పట్టు ఉందా' అనే ప్రశ్న దగ్గర నాకు నవ్వొస్తుంది. షియర్ ఫోర్స్ అనే మాట ఆ సెమిస్టర్‌లోనే మొదటిసారి విన్నవాడు నా పట్టు ఎలా కొలుస్తాడు? అమెరికాలో 1970లో ముగ్గురు పరిశోధకులు ఇదే పరీక్ష పెట్టారు. ఒక నటుడికి డాక్టర్ ఫాక్స్ అని పేరు పెట్టి, అర్థంపర్థం లేని ప్రసంగం ఒకటి నేర్పించి, చదువుకున్న సైకియాట్రిస్టులు, సైకాలజిస్టుల ముందు నిలబెట్టారు. జోకులు, హుషారు, ధీమా దండిగా, విషయం సున్నా. ఫీడ్‌బ్యాక్ ఫారాలు ఇస్తే మంచి మార్కులే పడ్డాయి. పెద్ద పెద్ద వాళ్లే అలా బోల్తా పడితే మా పిల్లల్ని ఏమని అంటాం?

ఇక అసలు సంగతి, నా బోర్డు రాత.

వరసగా రెండేళ్లు 'బోర్డు మీద రాత స్పష్టంగా ఉందా' అన్న ప్రశ్నకి నాకు మూడు లోపే వచ్చింది. ఒకసారి 2.9, ఒకసారి 2.8. మిగతా అన్నిట్లో నాలుగు దాటేది. మా డిపార్ట్‌మెంట్ హెడ్ (హెచ్‌ఓడీ) సార్ పిలిచి కాగితం నా వైపు తిప్పి, 'ఏమ్మా, చేతిరాత కాస్త చూసుకోండి' అన్నారు. నా చేతిరాతని చిన్నప్పటి నుంచీ ఎవరూ ఏమీ అనలేదు. మనసుకి కష్టంగానే అనిపించింది. సొంత డబ్బుతో దుమ్ము రాలని చాక్‌పీసుల డబ్బా కొన్నాను. అక్షరాలు పెద్దవి చేశాను. సాయంత్రం క్లాసులు అయ్యాక ఖాళీ గదిలో రాసి, వెనక్కి నడిచి చూసుకునేదాన్ని. బాగానే కనపడేది. మరి నేను చూసింది ఏ వరసలోంచో ఆలోచించలేదు.

మూడో ఏడాది పోర్టల్‌లో కొత్తగా ఒక డబ్బా పెట్టారు, 'మీ సూచనలు' అని. నాకు వచ్చినవి పదకొండు. అందులో ఒకటి ఇది: 'మేడమ్ పిల్లర్ అడ్డం. లెక్క కనపడుతుంది, బీమ్ కనపడదు.'

ఆ గది రెండు గదుల మధ్య గోడ కొట్టేసి చేసింది. కాలమ్ (పిల్లర్) తీయలేరు కాబట్టి అది మధ్యలో అలాగే నిలబడి ఉంటుంది. నాకేమో బోర్డు ఎడమ చివర బీమ్ గీసి, దాని కింద షియర్ ఫోర్స్ డయాగ్రమ్, ఆ కింద బెండింగ్ మూమెంట్ డయాగ్రమ్ గీసి, లెక్కంతా కుడివైపు చేసే అలవాటు. పిల్లర్ వెనక కుడి వరసలో మూడో బెంచీ నుంచి చివరి దాకా కూర్చునే పద్దెనిమిది మందికి, లోడ్ ఎక్కడ పడిందో తెలియకుండా రియాక్షన్లు, ప్లస్సులు, మైనస్సులు మాత్రమే కనపడుతున్నాయన్నమాట. వాళ్లు పాపం పక్కవాడి నోట్‌బుక్ చూసి బొమ్మ ఎక్కించుకునేవారు. నేనేమో 'బోర్డు చూడకుండా పక్కకి చూస్తావేంట్రా' అని వాళ్లనే లేపి నిలబెట్టేదాన్ని. కాలమ్ ఎక్కడ పెట్టాలో ఎక్కడ పెట్టకూడదో పాఠం చెప్పే డిపార్ట్‌మెంట్ మాది. మా క్లాసులో కాలమ్ మాకే కనపడలేదు.

మర్నాటి నుంచి బొమ్మ బోర్డు నడిమధ్యకి తెచ్చాను. తర్వాతి సెమిస్టర్ అదే ప్రశ్నకి 4.2. చేతిరాత అదే, చాక్‌పీసు కూడా మళ్లీ ఆఫీసు వాళ్లిచ్చేదే. 2.9 అనే అంకె నన్ను రెండేళ్లు తప్పు దారిలో తిప్పింది. ఏడు మాటలు ఒక్క పూటలో దారిలో పెట్టాయి.

ఆ డబ్బా మరుసటి ఏడాది తీసేశారు. నోటికొచ్చింది రాస్తున్నారని. నిజమే, రాశారు. ఒక సార్ మీద రాసింది నేనిక్కడ చెప్పలేను. నాకు వచ్చిన పదకొండులో రెండు నా చీరల గురించి, ఒకటి 'మేడమ్ అస్సలు నవ్వరు' అని. పక్క సెక్షన్‌కి అదే సబ్జెక్టు చెప్పే సార్ కూడా నవ్వరు, ఆయనకి 'స్ట్రిక్ట్, గుడ్' అని వచ్చింది. ఇది మా ఊరి జబ్బు మాత్రమే కాదు. అమెరికాలో ఒక ఆన్‌లైన్ కోర్సులో ఇద్దరు టీచర్ల పేర్లు తారుమారు చేసి చూసిన ప్రయోగం 2015లో అచ్చయింది. చెప్పేది ఎవరైనా, మగపేరు పెట్టుకున్నప్పుడు మార్కులు ఎక్కువ పడ్డాయి. పేపర్లు దిద్ది ఒకే టైముకి ఇచ్చినా ఆడపేరు ఉంటే ఆలస్యంగా ఇచ్చినట్టు అనిపించిందట అక్కడి విద్యార్థులకి. కాబట్టి చీరల కామెంట్లు నాకేం ముద్దొచ్చి ఈ మాట చెప్పడం లేదు. అయినా ఆ బురదలో పిల్లర్ దొరికింది. బూతులు వడకట్టడానికి ఒక మనిషిని కూర్చోబెట్టాలి గానీ డబ్బా మూసేస్తారా? కాలేజీలకి గ్రేడ్లిచ్చే న్యాక్ వాళ్లు పిల్లల్ని నేరుగా అడిగే సర్వేలో కూడా ఇరవై ప్రశ్నలు నొక్కేవైతే, ఇరవై ఒకటోది సొంత మాటల్లో సూచనలు రాయమనే ప్రశ్న. మా వాళ్లు న్యాక్ ఫైలుకి ఫోటోలు పంపారు, ఇది మాత్రం పట్టించుకోలేదు.

ఈ అంకెలు ఊరికే ఫైల్లో పడుంటే నాకు ఇంత బాధ లేదు. ఇంజినీరింగ్ కాలేజీల్ని నియంత్రించే ఏఐసీటీఈ 2019లో తెచ్చిన 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్ లెక్కలో వందకి పాతిక మార్కులు విద్యార్థులవే. ప్రైవేటులో దాని మీదే ఇంక్రిమెంటు కూడా ఆనుకుని ఉంటుంది. స్టాఫ్‌రూమ్‌లో 4.31 వచ్చినాయన 4.28 వచ్చినావిడ వైపు జాలిగా చూస్తాడు. ఫీడ్‌బ్యాక్ వారం వస్తే చాలు, ఇంపార్టెంట్ ప్రశ్నలు ధారాళంగా బయటికి వస్తాయి, అటెండెన్స్ విషయంలో మనసులు కరుగుతాయి. ఒకాయన క్లాసుకి సమోసాలు తెప్పించాడు. ఆయనకి సబ్జెక్టు నిజంగానే వచ్చు, సమోసా అవసరం లేని మనిషి. భయం.

మా తమ్ముడు అమెరికాలో ఎంఎస్ చేసినప్పుడు అక్కడి పద్ధతి చెప్పాడు. ఫారాలు పంచి ప్రొఫెసర్ బయటికి వెళ్లిపోయేవాడట. ఒక విద్యార్థి వాటిని కవర్లో పెట్టి అతికించి ఆఫీసులో ఇచ్చేవాడట. గ్రేడ్లు వేసేశాకే ప్రొఫెసర్‌కి అవి చూపించేవారట. ఖర్చు ఒక కవరు. మా పోర్టల్‌కి ఏడాదికి ఎంత కడుతున్నారో నాకు చెప్పరు.

ఇక కోర్స్ ఎండ్ సర్వే అని ఇంకొకటి ఉంది, ఇంజినీరింగ్ కోర్సులకి గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ కోసం. సీఓ 3 (కోర్సులో నేర్చుకోవాల్సిన వాటిలో మూడోది) మీకు ఎంతవరకు అబ్బింది అని పిల్లల్నే అడుగుతారు. మా దగ్గర అటెయిన్‌మెంట్‌లో, అంటే ఎంత సాధించారనే లెక్కలో, దానికి ఇరవై శాతం, పరీక్ష మార్కులకి ఎనభై. ఎక్సెల్ నింపేది నేనే కాబట్టి దాని గురించి ఎక్కువ మాట్లాడను.

డబ్బా తీసేశాక నేనొక పని మొదలుపెట్టాను. మొదటి మిడ్ పేపర్లు ఇచ్చేసిన రోజు, మిగిలిపోయిన అడిషనల్ షీట్లు సగానికి చింపి పంచుతాను. రెండే ప్రశ్నలు బోర్డు మీద రాస్తాను: ఏది అర్థం కాలేదు, క్లాసులో ఏది అడ్డం వస్తోంది. పేరు వద్దు, నంబరు వద్దు. నేను వరండాలోకి వెళ్లిపోతాను. సీఆర్ (క్లాస్ లీడర్) పోగు చేసి తెస్తాడు. పోయినసారి యాభై ఎనిమిది చీటీల్లో ముప్పై పైగా ఖాళీ. నాలుగింట్లో క్రికెట్ స్కోరు. ఒకదాంట్లో నా బొమ్మ, ముక్కు కొంచెం పెద్దదిగా వేశాడు గానీ కళ్లద్దాలు బాగా కుదిరాయి. మిగతావి బంగారం. ఈసెట్ రాసి నేరుగా రెండో సంవత్సరంలోకి వచ్చిన డిప్లొమా పిల్లలు 'ఎస్‌ఎఫ్‌డీ (షియర్ ఫోర్స్ డయాగ్రమ్) మాకు వచ్చు, స్పీడుగా చెప్పండి' అని, ఇంటర్ నుంచి వచ్చినవాళ్లు 'సైన్ కన్వెన్షన్ (ఎప్పుడు ప్లస్సు, ఎప్పుడు మైనస్సు) దగ్గరే ఆగిపోయాం, మెల్లగా చెప్పండి' అని రాశారు. పోర్టల్ అయితే ఈ ఇద్దరినీ కలిపి నా వేగానికి 3.5 ఇచ్చేది. నేను బెంచీకొక డిప్లొమా పిల్లాణ్ణి సర్దాను.

పోర్టల్‌కి నా రేటింగు ఐదుకి ఒకటిన్నర. ఆ ఒకటి డబ్బా ఉన్న ఏడాదికి, అర లాగిన్ పేజీ రంగుకి.

ఈ సెమిస్టర్ చీటీల్లో ఒకటి: 'మేడమ్ మేం రాసుకునే లోపే చెరిపేస్తున్నారు.' నిన్నటి నుంచి డస్టర్ పిల్లర్ వెనక మూడో బెంచీ కుర్రాడి చేతిలో పెట్టాను. తను రాసుకోవడం అయ్యాకే లేచి వచ్చి చెరుపుతాడు. వాడు చాలా నెమ్మదిగా రాస్తాడు.