మీడియావికీ ప్యాచ్‌ల కోసం వీఎస్ కోడ్: ఏడాది వాడకం తరువాత

తెలుగు వికీపీడియాలో ఏళ్ల తరబడి వ్యాసాలు రాసేవారిలో కొందరికి, ఆ వ్యాసాలను నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేర్‌లోనే ఎక్కడో ఒక చిన్న దోషం కనబడి, దాన్ని తామే సరిదిద్దితే బాగుంటుందనిపిస్తుంది. అలా పంపే సవరణనే ప్యాచ్ అంటారు. నేను ఆ దారినే వచ్చాను, ఏడాదిగా ఈ పనికి మైక్రోసాఫ్ట్ వారి కోడ్ ఎడిటర్ వీఎస్ కోడ్ వాడుతున్నాను. ఎడిటర్ మంచిదే, డబ్బు కట్టనక్కరలేదు. కాని దాన్ని మన అలవాట్లకు కాక ప్రాజెక్టు కట్టుబాట్లకు లోబడేలా అమర్చుకుంటేనే ఆ మంచితనం అక్కరకు వస్తుంది.

ఇన్‌స్టాల్ చేయడంలో చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు. మైక్రోసాఫ్ట్ 2015 నవంబరులో దీని సోర్సును ఎంఐటీ లైసెన్సుతో విడుదల చేసినా, మనం దించుకునే ప్రతికి వేరే లైసెన్సు ఉంటుంది, వాడక సమాచారాన్ని పంపే టెలిమెట్రీ కూడా అందులో ఉంటుంది. దాన్ని సెట్టింగుల్లో ఆపివేయవచ్చు. అదీ నచ్చనివారికి అదే సోర్సు నుంచి, టెలిమెట్రీ ఆపి తయారుచేసిన వీఎస్‌కోడియం ఉంది. అయితే దానికి ఎక్స్‌టెన్షన్లు (ఎడిటర్‌కు కొత్త పనులు నేర్పే చేర్పులు) ఓపెన్ వీఎస్‌ఎక్స్ అనే వేరే భాండాగారం నుంచి వస్తాయి కనుక, కావలసినవన్నీ అక్కడ దొరుకుతాయో లేదో ముందే చూసుకోవాలి.

అసలు పరీక్ష ఫైలును సేవ్ చేసే క్షణంలో ఎదురవుతుంది. మీడియావికీ కోడులో ఇండెంటుకు ట్యాబులు వాడతారు, కుండలీకరణాల లోపల రెండు వైపులా ఖాళీ వదులుతారు. నేను మరో ఉద్యోగపు పని కోసం పెట్టుకున్న ఫార్మాటర్‌ను (కోడు అమరికను తనంతట తానే దిద్దే సాధనాన్ని) తీసివేయకుండానే మొదటి ప్యాచ్ మొదలుపెట్టాను. సేవ్ నొక్కగానే అది ఆ ఖాళీలన్నిటినీ తుడిచిపెట్టి, ట్యాబులను స్పేసులుగా మార్చింది. నేను మార్చింది మూడు వరుసలైతే, తేడాల పట్టికలో ఫైలంతా కనబడింది. తప్పు నాదే. ఇప్పుడు ఈ ప్రాజెక్టు వర్క్‌స్పేస్‌లో ఫార్మాట్ ఆన్ సేవ్‌ను ఆపివేశాను. అది లేకుండా పని జరగదనుకునేవారు ఫార్మాట్ ఆన్ సేవ్ మోడ్‌కు ‘మాడిఫికేషన్స్’ అన్న విలువ ఇస్తే, ఫార్మాటర్ సహకరించినంత మేరకు, మార్చిన వరుసలు మాత్రమే దిద్దబడతాయి. ప్రాజెక్టులో ఇండెంటు వంటి కట్టుబాట్లను చెప్పే ఎడిటర్‌కాన్ఫిగ్ ఫైలు ఉన్నా వీఎస్ కోడ్ దాన్ని తనంతట తాను చదవదు; అందుకు ఒక ఎక్స్‌టెన్షన్ వేసుకోవాలి. ఇంత ప్రాథమికమైన పనిని ఎడిటర్‌లోనే ఎందుకు చేర్చలేదో నాకు అంతుపట్టదు.

మీడియావికీని రాసిన పీహెచ్‌పీ భాషకు, కోడు రాస్తుంటే పేర్లు సూచించే ఇంటెలిఫెన్స్ ఎక్స్‌టెన్షన్ వాడుతున్నాను. అది వేసుకున్నాక ఎడిటర్‌తో వచ్చే పీహెచ్‌పీ సూచనలను ఆపకపోతే ఒక్కో పేరు రెండేసి సార్లు కనిపిస్తుంది. డీబగ్గింగ్‌కు (కోడును మధ్యలో ఆపి తప్పు వెతకడానికి) మాత్రం ఓపిక కావాలి. మీడియావికీని డాకర్‌లో, అంటే కంటైనర్ అనే విడి వాతావరణంలో నడిపితే కోడు దాని లోపల వేరే దారిలో కనబడుతుంది కనుక, ఆ దారికీ మన ఫోల్డరుకూ డీబగ్గింగ్ అమరికలుండే లాంచ్ ఫైలులో పొంతన కుదర్చాలి. పీహెచ్‌పీ డీబగ్గర్ అయిన ఎక్స్‌డీబగ్ 3కు పోర్టు 9003 అని కూడా గుర్తుంచుకోవాలి. ఈ రెండూ సరిపోయాక బ్రేక్‌పాయింట్ దగ్గర కోడు ఆగి, చలరాశుల విలువలు పక్కన వరుసగా కనబడుతుంటే, పడిన శ్రమంతా మరచిపోతాము.

మీడియావికీ ప్యాచ్‌లు గెరిట్ అనే కోడ్ సమీక్షా వ్యవస్థలో సమీక్షకు వెళతాయి. సమీక్షకులు మార్పులు అడిగినప్పుడు కొత్త కమిట్ (గిట్‌లో నమోదు చేసిన మార్పు) చేర్చకుండా పాత కమిట్‌నే అమెండ్ చేసి, అంటే సవరించి, ప్యాచ్‌ను గుర్తుపట్టే చేంజ్ ఐడీ చెడకుండా మళ్లీ పంపాలి. ఎడిటర్‌లోని గిట్ మెనూలో అమెండ్ ఉన్నప్పటికీ, పంపడానికి నేను టెర్మినల్‌లో గిట్ రివ్యూ ఆదేశాన్నే నమ్ముకున్నాను.

ఇక తెలుగు సంగతి. ఫాంట్ల వరుసలో చివర నోటో సాన్స్ తెలుగును చేర్చుకుంటే అక్షరాలు ముచ్చటగా వస్తాయి. అయితే ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో పొల్లు నిలవడానికి మనం వాడే కంటికి కనబడని అక్షరాన్ని ఎడిటర్ అనుమానాస్పదంగా భావించి గడి గీసి చూపుతుంది. యూనికోడ్ హైలైట్ సెట్టింగులో దానికి మినహాయింపు ఇవ్వాలి. అలాగని తెలుగు సందేశాల ఫైలును ఇక్కడే దిద్దబోకండి: అనువాదాలు ట్రాన్స్‌లేట్‌వికీ అనే అనువాద సైటు ద్వారా వస్తాయి, మనం చేర్చవలసింది ఇంగ్లిషు మూలమూ దాని వివరణా మాత్రమే. లోపలి టెర్మినల్‌లో మాత్రం ఒత్తులు సరిగా కుదురుకోవు, కాని కమిట్ సందేశాలు ఇంగ్లిషులోనే రాస్తాము కనుక నా పనికి అది అడ్డు రాలేదు.