ఐదో పాట దగ్గర ఇరుక్కున్న డిస్క్: ‘కిడ్ ఎ’తో పాతికేళ్లు

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్ చేసిన ‘కిడ్ ఎ’ ఆల్బమ్ నేను ఆ బ్యాండ్‌లోని ఎడ్ ఓబ్రయన్ గిటార్ కోసం కొన్నాను. మూడేళ్లు ఎదురుచూసి మరీ కొన్నాను. రేడియోహెడ్‌లో గిటార్ అనగానే అందరూ జానీ గ్రీన్‌వుడ్ పేరే ఎత్తుతారు. అతను వాయిస్తుంటే ఎవరికైనా మతిపోతుంది, కాదనను. కానీ నా ప్రాణమంతా ఓబ్రయన్ దగ్గరే ఉండేది. పాట వెనకాల నిలబడి, ఒక్క స్వరాన్ని పట్టుకుని గదంతా నింపేస్తాడు. అది ఆగిపోయినప్పుడే ఇంతసేపూ ఉందని తెలుస్తుంది. నేను గిటార్ పట్టిందే అలా వాయించాలని. 1997లో వచ్చిన వాళ్ల ముందు ఆల్బమ్ ‘ఓకే కంప్యూటర్’ని వెనక్కి తిప్పి తిప్పి వింటూ, ఏ పాటలో అతని వంతు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నోటుపుస్తకంలో రాసుకునేవాణ్ని.

2000 అక్టోబరులో ‘కిడ్ ఎ’ వచ్చింది. తలుపేసుకుని, సౌండ్ బాగా పెంచి కూర్చున్నాను. మొదటి పాటలో గిటార్ లేదు. కీబోర్డు, దాని చుట్టూ ముక్కలు ముక్కలుగా తరిగిపోసిన, బ్యాండ్ గాయకుడు టామ్ యార్క్ గొంతు. పక్క గదిలోంచి అన్నయ్య వచ్చి, “డిస్క్ మీద గీతలేమైనా పడ్డాయేమో చూడరా” అన్నాడు. “కొత్తది అన్నయ్యా, ఇప్పుడే కవర్ విప్పాను” అన్నాను. రెండో పాటలో గొంతు మనిషి గొంతులాగే లేదు. మూడోదాంట్లో బేస్ ఒకే వరసని మొండిగా పట్టుకుని కూర్చుంది, దాని మీద సాక్సోఫోన్లూ ట్రంపెటూ ఒకదాన్నొకటి తోసుకున్నాయి. నాలుగో పాటలో అకూస్టిక్ గిటార్ వినపడేసరికి ప్రాణం లేచొచ్చింది. అది అయిపోయాక ఐదోది, ‘ట్రీఫింగర్స్’. మాట లేదు, తాళం లేదు. మంచు కమ్మినట్టు ఏదో శబ్దం వచ్చి, కదిలీ కదలనట్టు కదిలి, 3 నిమిషాల 42 సెకన్లకి వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఈ ఆల్బమ్ చరిత్ర నేను చెప్పక్కర్లేదు. సింగిల్ విడుదల చెయ్యకుండా, వీడియో తియ్యకుండా అమెరికాలో నంబర్ వన్‌కి ఎలా ఎక్కిందో, గ్రామీ ఎలా వచ్చిందో తెలియని రేడియోహెడ్ అభిమాని ఉండడు. నాకు ఆ లెక్కలతో పని లేదు. నా గిటార్ వాద్యకారుణ్ని ఎవరో ఎత్తుకుపోయారన్న బాధ ఒక్కటే మిగిలింది.

నెలలు గడిచేకొద్దీ చాలా పాటలు దారికొచ్చాయి. ‘హౌ టు డిసపియర్ కంప్లీట్లీ’ అయితే వారంలోపే నన్ను కట్టిపడేసింది. అందులో తీగ వాద్యాలని డార్చెస్టర్ ఆబీ అనే పాత చర్చిలో రికార్డు చేశారు. ఆ ఎత్తయిన కప్పు కింద మోగిన గాలి పాటలో ఇప్పటికీ వినపడుతుంది. చివరికొచ్చేసరికి వయొలిన్లన్నీ శ్రుతి తప్పినట్టు జారుతూ, మళ్లీ ఒకచోటికి చేరతాయి చూడండి, అక్కడ ఈ రోజుకీ నా ఒళ్లు జలదరిస్తుంది. దాని వెనకే ‘ట్రీఫింగర్స్’ వచ్చేది. అంత పాట తర్వాత ఇదేమిటని నా బొటనవేలు దానంతటదే బటన్ మీదికి వెళ్లిపోయేది. మొదటి రెండు క్షణాలు మోగుతుండగానే ఆరో పాటకి గెంతేసేవాణ్ని. అలా ఎన్నేళ్లు చేశానో లెక్కలేదు. ఎవరైనా ఈ ఆల్బమ్ అడిగితే, “విను, కానీ ఐదోది వదిలెయ్” అని చెప్పి మరీ ఇచ్చేవాణ్ని.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఒక రాత్రి గిటార్‌కి తీగలు మారుస్తున్నాను. ఈ పనిలో రెండు చేతులూ ఖాళీ ఉండవు. గిటార్ ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, ఎడంచేత్తో తీగని బిగపట్టి, కుడిచేత్తో మర తిప్పుతూ ఉండాలి. పట్టు వదిలితే చుట్టుకున్న తీగంతా ఊడి మొదటికొస్తుంది. ‘కిడ్ ఎ’ మోగుతోంది. నాలుగో పాట అయిపోయింది, ఐదోది మొదలైంది. వేలు వెళ్లడానికి వీల్లేదు. సరే, నాలుగు నిమిషాలేగా, భరిద్దామనుకున్నాను.

భరించాను. ఒక తీగ అయింది, రెండోది పట్టుకున్నాను. శబ్దం వస్తూనే ఉంది. దాని మధ్యలో ఉండుండి చిన్నగా ‘టిక్’ మంటోంది, ఎక్కడో దూరంగా గడియారం ఉన్నట్టు. ఇందులో ఇది కూడా ఉందా, ఇన్నాళ్లూ వినలేదే అనుకున్నాను. మూడో తీగ అయింది. ఆ శబ్దం వెనక తంబురా మీటినట్టు నిలకడగా ఉంటే, తెలియకుండానే కొత్త తీగని దానికే శ్రుతి చేసుకుంటున్నాను. స్వరం కలిసినప్పుడు గిటార్ చెక్క నా పొట్టకి ఆనుకుని సన్నగా వణికింది. గదిలో శబ్దమూ నా ఒళ్లో శబ్దమూ ఒకటైపోయాయి. ఓబ్రయన్ గిటార్ వింటున్నప్పుడు నాకు ఎప్పుడూ కలిగే ఆ నిండుదనం, పాతికసార్లు విన్నా ఈ ఆల్బమ్‌లో దొరకలేదని ఏడ్చిన ఆ నిండుదనం, అచ్చం అదే. ఆరు తీగలూ అయ్యాక తలెత్తి చూశాను. ఇరవై నిమిషాలు దాటింది. ప్లేయర్ మీద అంకె 5 దగ్గరే ఉంది.

డిస్క్ ఇరుక్కుపోయింది. బయటికి తీసి దీపం కింద పట్టుకుంటే, మధ్యకి కాస్త అవతలగా వెంట్రుకవాసి గీత కనిపించింది. అడ్డంగా పడిన గీతైతే ప్లేయర్ సర్దుకుని పోతుంది. ఇది వలయం వెంబడే పడింది. అలాంటి గీత దగ్గర ఒకేచోట సమాచారం చాలా మేర పోతుంది కాబట్టి అది ముందుకి వెళ్లలేక, వెనక్కి జారి, మళ్లీ అదే ముక్కని చదువుతూ కూర్చుంది. ఆ ‘టిక్’ గీత తగిలినప్పుడల్లా వచ్చిన చప్పుడు. వేరే ఏ పాట దగ్గర ఇరుక్కున్నా నాకు క్షణంలో తెలిసిపోయేది. ‘ట్రీఫింగర్స్’ కాబట్టి తెలియలేదు.

ఆ తర్వాత ఎప్పుడో, ఈ రికార్డింగ్ గురించి చదువుతుంటే ఒక్క వాక్యం దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ‘ట్రీఫింగర్స్’లో వినపడేది సింథసైజర్ కాదట, ఓబ్రయన్ గిటారేనట. అతను వాయించిన లూపుల్ని, అంటే మళ్లీ మళ్లీ తిరిగే ముక్కల్ని, టామ్ యార్క్ కంప్యూటర్‌లో వేసి, సాగదీసి, అలా మార్చాడట. నోట మాట రాలేదు నాకు. ఎవరి గిటార్ కోసం ఆల్బమ్ కొన్నానో, పదిలో ఏ పాటైతే పూర్తిగా ఆ గిటార్‌తోనే కట్టారో, దాన్నే నేను ఏళ్ల తరబడి దాటేస్తూ వచ్చాను. పైగా అది లూపులతో చేసింది. నా గీతపడిన డిస్క్ ఆ రాత్రి చేసిందీ అదే పని.

ఇంకొంచెం చదివితే నా కోపం మరో దారి పట్టింది. ఈ ఆల్బమ్‌కి కూర్చునేటప్పుడు ఓబ్రయన్ ఆశపడింది చిన్న చిన్న పాటలు, మంచి వరసలు, గిటార్లు. అంటే నేను ఆశపడిందే! యార్క్‌కి అప్పటికి వరసలంటేనే విసుగొచ్చింది, అతనికి లయ కావాలి. పారిస్, కోపెన్‌హేగన్, ఆక్స్‌ఫర్డ్ తిరుగుతూ నెలల తరబడి రికార్డు చేశారు. ఎవరు ఏం వాయించాలో తేలక ఒక దశలో బ్యాండే విడిపోయే దాకా వచ్చింది. అలాంటి చోట ఓబ్రయన్ అలిగి కూర్చోలేదు. స్వరాన్ని ఎంతసేపైనా ఆరిపోకుండా నిలబెట్టే సస్టెయిన్ పరికరం తెచ్చుకుని, దానికి స్వరాన్ని ప్రతిధ్వనిలా తిరిగి వినిపించే డిలే, లూప్ తగిలించి, గిటార్‌ని గిటార్ కాని దానిలా వాయించడం నేర్చుకున్నాడు. నేను అభిమానినని చెప్పుకుంటూ మూతి ముడుచుకుని కూర్చున్న కాలంలో అతను చేసిన పని అది. ఆ సంగతి తెలిసిన నెలలోనే నేను ఒక డిలే పెడల్ కొన్నాను. ఈ రోజు నా వాయింపులో పనికొచ్చేది ఏదైనా ఉంటే ఆ పెడల్ దగ్గర నేర్చుకున్నదే.

అంతమాత్రాన ఆల్బమ్ మొత్తం నాకు నచ్చేసిందని కాదు. ఆ ఉత్సాహంలో కొన్నాళ్లు ‘ఓకే కంప్యూటర్’ కంటే ఇదే గొప్పదని వాదించాను. ఇప్పుడు ఆ వాదన చెయ్యను. ‘ఇన్ లింబో’ ఇన్నేళ్లయినా నాకు ఒంటబట్టలేదు. గిటార్లున్నాయి, అయినా పట్టు దొరకదు. మూడో పాట ‘ద నేషనల్ ఆంథమ్’లో ఆ బాకాల గందరగోళాన్ని ఒకప్పుడు ఆహా ఓహో అన్నాను. 2001లో ‘ఐ మైట్ బి రాంగ్’ అని ప్రత్యక్ష కచేరీల రికార్డింగులు వచ్చాయి కదా, అందులో బాకాలు లేకుండా బ్యాండ్ ఒక్కటే ఆ పాటని వాయించింది. అది విన్నాక ఆల్బమ్‌లోది కాస్త బరువెక్కినట్టే అనిపిస్తోంది.

‘ఇడియోటెక్’ విషయంలోనూ అంతే. జానీ గ్రీన్‌వుడ్ దాదాపు 50 నిమిషాల శబ్దాలు చేసి ఇస్తే, అందులో ఒక్క చిన్న ముక్క పట్టుకుని యార్క్ పాట కట్టాడు. ఆ ముక్కలోని నాలుగు కార్డులు (స్వరాల కలయికలు) 1973లో అమెరికన్ స్వరకర్త పాల్ లాన్‌స్కీ కంప్యూటర్ మీద కూర్చిన సంగీతంలోవి. చెవి అంటే అదీ! కానీ ఆల్బమ్‌లో ఆ పాటకి కావాలని పెట్టిన చలిదనం ఉంది. కచేరీ రికార్డింగులో ఫిల్ సెల్వే డ్రమ్స్ కలిసి, యార్క్ ఊపిరందక పాడుతుంటే వచ్చే వేడి ఇందులో రాదు. ఏది వింటారని అడిగితే నేను కచేరీదే పెడతాను.

ఇంకో బాధ ఇప్పటికీ తీరలేదు. ఇదే కాలంలో రికార్డయిన మిగతా పాటలు 2001 జూన్‌లో ‘ఆమ్నీసియాక్’గా వచ్చాయి. వాటిలో ‘నైవ్స్ అవుట్’ ఉంది. గిటార్ల మీద నడిచే పాట, 373 రోజులు పట్టిందని ఓబ్రయన్ తన రికార్డింగ్ డైరీలో రాసుకున్నాడు. అది ‘ఇన్ లింబో’ ఉన్న చోట ఉండుంటే ఎలా ఉండేదని ఎన్నిసార్లు వరస మార్చి విన్నానో. నిజం చెప్పాలంటే కుదరలేదు. ‘నైవ్స్ అవుట్’ ఒక్కటే బాగుంటుంది, దాని చుట్టూ ఉన్నవి చెదిరిపోతాయి. వాళ్లు పేర్చిన వరసే సరైనదని ఒప్పుకోక తప్పలేదు. ముఖ్యంగా ‘ట్రీఫింగర్స్’ తర్వాత ‘ఆప్టిమిస్టిక్’ రావడం. ఆ మంచంతా ఓపిగ్గా విన్నాక గిటార్ గరగరమంటూ మొదలైతే, కళ్లకి గంతలు విప్పినట్టుంటుంది. ఐదోది దాటేసి వచ్చినన్నాళ్లూ ‘ఆప్టిమిస్టిక్’ నాకు మామూలు రాక్ పాటలాగే వినపడింది.

కాబట్టి ఎవరికైనా ఈ ఆల్బమ్ ఇవ్వొచ్చా అంటే, నేను ఒక్క మాటలో చెప్పలేను. గిటార్ కోసం రేడియోహెడ్ దగ్గరికి వచ్చినవాళ్లయితే ముందు 1995 నాటి ‘ద బెండ్స్’ వినండి, ‘ఓకే కంప్యూటర్’ వినండి, కడుపు నిండాకే దీని దగ్గరికి రండి. ఎలక్ట్రానిక్ సంగీతం అలవాటున్నవాళ్లకి నేను పడిన కష్టమే ఉండదు, వాళ్లకి ఇదంతా తెలిసిన వీధిలాగే ఉండొచ్చు. నా మటుకు నాకు పది పాటల్లో నాలుగు ప్రాణం, మూడు ఇష్టం, మిగతావి మర్యాద కోసం వింటాను. ఆ నాలుగింటిలో ‘ట్రీఫింగర్స్’ ఉందని చెప్పేటప్పుడు మాత్రం కొంచెం తడబడతాను. ఎందుకంటే తర్వాత ఇంకో కాపీ కొన్నాను, గీతలేమీ లేనిది. అందులో అది 3 నిమిషాల 42 సెకన్లకి ఠంచనుగా అయిపోతుంది. బాగుంటుంది, వింటాను, దాటెయ్యను. కానీ ఆ రాత్రి ఇరవై నిమిషాల్లో అది నాకు ఇచ్చింది, ఇంత తక్కువలో ఇవ్వలేకపోతోంది. నాకు నచ్చినదాంట్లో ఓబ్రయన్, యార్క్‌ల వాటా ఎంత, ఆ గీత వాటా ఎంత అన్నది నేను తేల్చుకోలేకపోయాను.

పాత డిస్క్ పారేయలేదు. పాత ప్లేయర్ మాత్రం చెడిపోయింది. పోయిన నెల మళ్లీ తీగలు మారుస్తూ, గీతపడిన ఆ డిస్క్‌నే వెతికి తీసి కొత్త ప్లేయర్‌లో పెట్టాను. వయొలిన్లు అయిపోయాయి, మంచులాంటి శబ్దం మొదలైంది. నేను తీగ బిగపట్టి, ఇప్పుడు ఇరుక్కుంటుందని ఎదురుచూశాను. కొత్త ప్లేయర్ ఆ గీత దగ్గర ఆగలేదు. చదవలేకపోయిందో ఏమో, ఒక్క గెంతు గెంతి ‘ఆప్టిమిస్టిక్’ గిటార్ దగ్గర తేలింది, అచ్చం ఒకప్పటి నా బొటనవేలిలాగే.