మైనస్ పడింది, కారణం లేదు: స్టాక్ ఓవర్‌ఫ్లోతో నా అనుభవం

2017లో బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టల్‌లో ఉన్నప్పుడు స్టాక్ ఓవర్‌ఫ్లోలో అకౌంట్ తెరిచాను. ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడిగి, జవాబులు రాసుకునే సైట్ అది. చదివినవాళ్లు నచ్చితే ప్లస్, నచ్చకపోతే మైనస్ ఓటు వేస్తారు. ఇప్పటికీ రోజూ వాడుతున్నాను. నాకు జావా అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చిందంటే సగం అక్కడి జవాబుల వల్లే. అలాంటిది రెండో ఏడాదిలోనే ఒక్క మైనస్ ఓటుకి మానేద్దామనుకున్నాను.

జావాలో తేదీని ఎలా ప్రింట్ చేయాలని ఎవరో అడిగితే గంటసేపు కూర్చుని జవాబు రాశాను. కోడ్ నడిపి చూసే పెట్టాను. పొద్దున్నే చూస్తే మైనస్ ఒకటి, నా రెప్యుటేషన్‌లో, అంటే అక్కడి ఓట్లతో వచ్చే స్కోరులో, 2 పాయింట్లు కట్. కింద ఒక్క కామెంట్ లేదు. ఎవరు వేశారో అక్కడ కనపడదు. ఆ రోజంతా పని మీద మనసు లేదు. "మైనస్ ఎందుకు వేశారు?" అని కామెంట్ పెట్టినా ఎవరూ పలకలేదు.

రాత్రి పక్క రూమ్‌లోని నెల్లూరు అన్నకి చూపించాను. కోడ్ రెండుసార్లు చదివి, "తమ్ముడూ, 2018 డిసెంబర్ 31 తేదీ ఇచ్చి నడుపు" అన్నాడు. స్క్రీన్ మీద 31-12-2019 అని వచ్చింది! తేదీ ఏ రూపంలో రావాలో చెప్పే ఫార్మాట్‌లో చిన్న వై (y) పెట్టాల్సిన చోట పెద్ద వై (Y) పెట్టాను. జావాలో పెద్ద వై అంటే వారాల లెక్క ప్రకారం చూపే సంవత్సరం, ఆ తేదీ ఉన్న వారం ఏ ఏడాదిదైతే ఆ ఏడాది. 2018 డిసెంబర్ 31 సోమవారం, అది కొత్త ఏడాది మొదటి వారంలో పడుతుంది. అందుకే ఏడాదంతా సరిగ్గా పనిచేసి, ఆఖరి రోజుల్లో తప్పుతుంది. ఎవరి బిల్లుల్లోకైనా ఆ కోడ్ చేరి ఉంటే ఏమయ్యేదో!

అప్పుడే రూల్స్ చదివాను. మైనస్ వేయాలంటే 125 పాయింట్లు ఉండాలి. జవాబుకి మైనస్ వేస్తే వేసినవాళ్లకీ 1 పాయింటు పోతుంది. అంటే ఆ మనిషి తన పాయింటు వదులుకుని మరీ వేశాడు. ప్రశ్నలకైతే ఆ ఖర్చు లేదు.

ఒక్క ముక్క రాసి ఉంటే బాగుండేది, ఆ బాధ నాకిప్పటికీ ఉంది. కానీ తప్పు చూపించినవాళ్ల మీదికే గొడవకి వెళ్లడం చాలాసార్లు చూశాను. ఇక ఎవరు నోరు విప్పుతారు? నేను మాత్రం మైనస్ వేస్తే కారణం ఒక వాక్యం రాస్తాను.

ఇప్పుడు నాకు మైనస్ పడితే ఆ రోజు దాని జోలికి పోను. మర్నాడు ముందు ప్రశ్న చదువుతాను. వాళ్లు అడిగింది ఒకటి, నేను చెప్పింది ఒకటి అని చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. తప్పు దొరికితే ఎడిట్ చేస్తాను. కాసేపు గడిచాక ఓటు లాక్ అయిపోతుంది, మనం ఎడిట్ చేస్తేనే వేసినవాళ్లు వెనక్కి తీసుకోగలరు. ఎంత వెతికినా దొరక్కపోతే వదిలేస్తాను.

తేదీ జవాబు కింద పెట్టిన ఆ కామెంట్ తీసేశాను. జవాబు మొదట్లోనే డిసెంబర్ 31 సంగతి రాశాను. ఇప్పుడు దానికి ప్లస్‌లే ఎక్కువ. ఆ మొదటి మైనస్ మాత్రం అలాగే ఉంది.