కీమో, రేడియేషన్ అయ్యాక కమ్యూనిటీ ఎక్సర్‌సైజ్ క్లాసు: చాలాకాలం వెళ్లాక నా అభిప్రాయం

నేను ఉండేది న్యూజెర్సీలో. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాక ఇంటి దగ్గర కమ్యూనిటీ సెంటర్‌లో క్యాన్సర్ వచ్చినవాళ్ల కోసమే నడిపే ఎక్సర్‌సైజ్ క్లాసులో చేరాను, కోర్సు ముగిశాక కూడా అక్కడికే వెళ్తున్నాను. ఇలాంటివి ఉన్నాయని ఇక్కడి మన తెలుగువాళ్లలో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు కూడా "రోజూ పార్కులో నడుస్తున్నాం కదా, ఇంకా ఎందుకు" అంటారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అమెరికాలో ఎక్కువమంది విన్న పేరు లైవ్‌స్ట్రాంగ్ ఎట్ ద వైఎంసీఏ (వైఎంసీఏ అంటే ఊళ్లలో జిమ్‌లు, కమ్యూనిటీ సెంటర్లు నడిపే సంస్థ). 2007లో మొదలైంది. 12 వారాలు, వారానికి రెండు క్లాసులు, చిన్న బ్యాచ్‌లు, చాలాచోట్ల ఫీజు ఉండదు, ఉన్నా తక్కువే. నేను వెళ్లే సెంటర్ అది కాదు గానీ పద్ధతి ఇంచుమించు అదే. ముందు డాక్టర్ సంతకం తీసుకురమ్మంటారు, తర్వాత ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలమో, కాళ్లతో ఎంత బరువు నెట్టగలమో, ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడగలమో చూసి రాసుకుంటారు. ఆఖరి వారంలో మళ్లీ అవే పరీక్షలు. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే నాకు కళ్లు చెమర్చాయి.

ఈ క్లాసు వల్ల నాకు జరిగిన అసలు మేలు నా కుడిచేయి. చంకలో లింఫ్ గ్రంథులు తీశారు కాబట్టి చేయి వాస్తుందేమోనని నాకు విపరీతమైన టెన్షన్. గుంటూరు నుంచి అత్తయ్య ఫోన్ చేసినప్పుడల్లా "ఆ చేత్తో నీళ్ల బిందె కూడా ఎత్తకమ్మా" అనేది, ప్రేమతోనే. ఇక్కడ స్నేహితురాళ్లదీ అదే మాట. అలా దాచుకుని దాచుకుని ఆ చేయి ఎంత బలహీనపడిందంటే పాల క్యాన్ ఫ్రిజ్‌లోంచి తీయాలన్నా మా అబ్బాయిని పిలిచేదాన్ని. క్లాసులో మా ట్రైనర్ అతి తక్కువ బరువుతో మొదలుపెట్టించింది, ఏ తేడా లేదని చూసుకున్నాకే కొంచెం పెంచేది, ప్రతి క్లాసులో "చేయి బరువుగా ఉందా, ఉంగరం బిగుతుగా ఉందా" అని అడిగేది. ఇది ఆవిడ సొంత ప్రయోగం కాదు. క్యాన్సర్ రోగుల వ్యాయామం మీద పరిశోధన చేసే క్యాథ్రిన్ ష్మిట్జ్ బృందం ఇలాగే నెమ్మదిగా బరువులు పెంచుతూ చేయించిన అధ్యయనం 2009లో వచ్చింది, అప్పటికే చేయి వాచి ఉన్న ఆడవాళ్లలో కూడా వాపు పెరగలేదని తేలింది, పైగా చేతుల్లో బలం పెరిగింది. ఆ శిక్షణ కూడా పెద్దాసుపత్రుల్లో కాదు, మామూలు జిమ్ముల్లోనే జరిగింది. ఈ సంగతి ఆపరేషన్ అయిన వారంలోనే ఎవరైనా నాతో చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

ఇక నీరసం. కీమో నీరసం సంగతి అనుభవించినవాళ్లకే తెలుస్తుంది, పది గంటలు పడుకుని లేచినా పోదు. మనవాళ్లు "రెస్ట్ తీసుకో" అని మంచం దగ్గరికే అన్నీ తెచ్చిపెడతారు. 2019లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇచ్చిన సూచనలు దీనికి పూర్తిగా వ్యతిరేకం: వారానికి మూడుసార్లు అరగంట చొప్పున కాస్త ఆయాసం వచ్చేలా నడక లాంటివి, రెండుసార్లు బరువులతో వ్యాయామం చేస్తే నీరసం, ఆందోళన, దిగులు తగ్గుతాయని. నాకు మొదటి రెండు మూడు వారాలు ఇంటికి రాగానే సోఫాలో పడిపోవడమే, మానేద్దామని కూడా అనిపించింది, ఆ తర్వాతే తేడా తెలిసింది. క్యాన్సర్ మళ్లీ రాకుండా ఇచ్చే లెట్రోజోల్ అనే హార్మోన్ మాత్ర వేసుకుంటున్నాను కాబట్టి పొద్దున లేవగానే వేళ్లు, మోకాళ్లు పట్టేస్తాయి. అది పూర్తిగా పోలేదు, తగ్గింది.

మా బ్యాచ్‌లో పెద్దపేగు క్యాన్సర్ వచ్చిన పెద్దాయన ఒకరున్నారు. 2025లో ఛాలెంజ్ ట్రయల్ ఫలితాలు వచ్చినప్పుడు ఆయన ఆ కాగితం ప్రింట్ తీసుకుని మరీ తెచ్చారు. ఆపరేషన్, కీమో అయిన పేగు క్యాన్సర్ రోగులు 889 మందిలో సగం మందికి మూడేళ్లు వ్యాయామ శిక్షణ ఇచ్చారు, మిగతా సగానికి ఆరోగ్య సమాచారం ఉన్న పుస్తకాలు మాత్రమే. ఎనిమిదేళ్లకు బతికి ఉన్నవాళ్లు మొదటి గుంపులో 90 శాతం, రెండోదాంట్లో 83. ఇది ఆ ఒక్క క్యాన్సర్ గురించే, అందరికీ అంటగట్టకూడదు, కానీ ఆరోజు క్లాసులో ఎవ్వరూ మధ్యలో ఆపలేదు.

నచ్చనివీ ఉన్నాయి. మా సెంటర్‌లో క్లాసు పనిరోజుల్లో పొద్దున పదిన్నరకి, ఉద్యోగం చేసేవాళ్లు ఎలా రావాలి? కోర్సు అయిపోగానే మామూలు మెంబర్‌షిప్ తీసుకోమని ఒక కాగితం ఇచ్చి పంపేస్తారు. అప్పటిదాకా పక్కనే నిలబడి చూసిన మనిషి ఉండదు, సరిగ్గా అక్కడే చాలామంది మానేస్తున్నారు. మేం కొంతమందిమి వాట్సాప్ గ్రూప్ పెట్టుకుని ఒకే టైముకి వెళ్తున్నాం, లేకపోతే నేను కూడా మానేసేదాన్నేమో. మధ్యలో ట్రైనర్ మారినప్పుడు కొత్తగా వచ్చినతనికి కీమో వల్ల పాదాలు మొద్దుబారతాయన్న సంగతే తెలియదు, నేరుగా ట్రెడ్‌మిల్ ఎక్కమన్నాడు. నేను చెప్పాకే కూర్చుని తొక్కే సైకిల్ ఇచ్చాడు.

కాబట్టి చేరేముందు ట్రైనర్‌కి క్యాన్సర్ రోగుల వ్యాయామంలో శిక్షణ ఉందా, కోర్సు తర్వాత ఏర్పాటేమిటి అని మొహమాటపడకుండా అడగండి. చేయి వాపు ఉన్నవాళ్లు కంప్రెషన్ స్లీవ్ (వాపు పెరగకుండా చేతికి వేసుకునే బిగుతైన తొడుగు) సంగతి ముందే డాక్టర్‌తో మాట్లాడండి. జ్వరం ఉన్నరోజు, రక్తపరీక్షలో కౌంట్స్ (రక్తకణాల సంఖ్య) పడిపోయాయన్నరోజు వెళ్లొద్దు. జబ్బు ఎముకలకు పాకినవాళ్లు ఏ బరువు ఎత్తొచ్చో, ఎటు వంగకూడదో ఆంకాలజిస్ట్ చేత రాయించుకుని, ఆ కాగితం ట్రైనర్ చేతికిచ్చాకే మొదలుపెట్టండి.