కోవెల వీధి పాత మిద్దెకు సున్నపు పని: మేస్త్రీల పనితనంపై నా అభిప్రాయం

తిరుపతిలో గోవిందరాజస్వామి ఆలయం చుట్టుపక్కల వీధుల్లో, లాడ్జీల నడుమ ఇంకా మిగిలిన వరుస ఇళ్లలో మా మేనమామగారి ఇల్లు ఒకటి. దాని మిద్దెనూ (పైకప్పునూ), పక్కింటితో కలిసిన ఉమ్మడి గోడనూ బాగుచేయడానికి పాత కట్టడాల సున్నపు పని చేసే మేస్త్రీల బృందాన్ని పిలిపించారు. మిద్దె విషయంలో వారికి నిస్సంకోచంగా మంచి మార్కులు వేస్తాను. గోడ విషయంలో వేయలేను.

ఈ ఇళ్లకు వీధి వైపు వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. రెండు పక్కలా పొరుగు గోడలే కావడంతో కిటికీలకు చోటుండదు కనుక వెలుతురు, గాలి, వాననీరు అన్నీ ఇంటి నడుమ పైకప్పు లేకుండా వదిలిన తొట్టిలోకే దిగాలి. వీధి అరుగు మీద ఇప్పటికీ వాహనసేవల నాడు చోటు దొరకదు.

మిద్దె మద్రాసు టెర్రస్ పద్ధతిది. టేకు దంతెల (కప్పును మోసే అడ్డ దూలాల) మీద పలుచని ఇటుకలను అంచున నిలబెట్టి, సున్నంతో ఐమూలగా పేర్చి, ఆపైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపిన పొరను దిమ్మిస కొట్టి గట్టిపరుస్తారు. కొన్నేళ్ల క్రితం ఒక కాంట్రాక్టరు కారే చోటల్లా సిమెంటు పూయించారు. దాని పగుళ్లలోంచి దిగిన నీరు మళ్లీ ఆరే దారి లేక దంతెల కొనలను పుచ్చబెట్టింది. ఈ మేస్త్రీలు ఆ పూతను ఇటుక చెదరకుండా ఊడదీసి, పుచ్చిన కొనలను కోసి కొత్త టేకు అతికి, నానబెట్టిన సున్నాన్ని గానుగలో నూరి, కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు చల్లుతూ రోజుల తరబడి చెక్కలతో కొట్టారు. మార్చి ఎండకు పొర బీటలు వారకుండా తడి గోనెసంచులు కప్పి నెమ్మదిగా ఆరనిచ్చిన ఓపికను ప్రత్యేకంగా చెప్పాలి. ఈశాన్య రుతుపవనాల వానలకు ఎక్కడా చుక్క కారలేదు.

గోడ దగ్గరే వచ్చింది చిక్కు. రెండిళ్ల దంతెలూ ఆ ఒక్క గోడ మీదే ఆని ఉన్నప్పుడు, పొరుగువారితో ఒక మాట చెప్పకుండా గిలాబా (గోడ పూత) కొట్టడం మొదలుపెట్టడం సరికాదు. వారు అభ్యంతరం చెప్పడంలో తప్పేమీ లేదు. పైగా అవతలి స్నానాలగది నుంచి దిగే చెమ్మను ఆపకుండా ఇటువైపు కొత్త సున్నం పూయడంతో, సంక్రాంతి నాటికే అడుగుభాగాన మళ్లీ చౌడు (తెల్లని ఉప్పు పొర) ఎక్కింది. సున్నం చెమ్మను ఆరనిస్తుందే కాని, దాని పుట్టుకను ఆపలేదు కదా.

సిమెంటు పనికన్నా ఖర్చు బాగా ఎక్కువే. మిద్దెకూ గోడకూ అంచనాలు విడివిడిగా రాయించుకోండి. పొరుగువారి వైపు నుంచి దిగే చెమ్మ ఆగిన తరువాతే గోడ పని అప్పగించండి.