మణి యాప్: ఇంట్లో భేష్, బస్సులో కష్టం

చూపు లేనివాళ్లకూ, తగ్గినవాళ్లకూ రిజర్వ్ బ్యాంకు 2020 జనవరి 1న తెచ్చిన మణి యాప్ పని ఒక్కటే: కెమెరా ముందు పెట్టిన నోటు ఎంతదో పైకి చెప్పడం. ఉచితం. ఒకసారి ఎక్కించుకుంటే నెట్ అక్కర్లేదు. వినికిడి కూడా తగ్గినవాళ్లకు వైబ్రేషన్ ఉంది. దొంగనోటో అసలుదో మాత్రం చెప్పదు.

నోటును బల్ల మీద పరిచి, ఫోన్‌ను దానికి ఆనించి, మెల్లగా జానెడు ఎత్తుకు లేపాలి. ఫోన్ మరీ దగ్గరున్నా, అంకె మీద బొటనవేలు పడినా గుర్తుపట్టడం కష్టమే. సగానికి మడిచిన నోటైతే పర్వాలేదు. బొత్తిగా చూపు లేనివాళ్లు గదిలో లైటు వేసుకోవాలి. మనకు అక్కర్లేకున్నా కెమెరాకు కావాలి.

హన్మకొండ బస్సెక్కినప్పుడే తంటా. ఒక చేతిలో కర్ర, ఇంకో చేతిలో ఫోన్, మరి కండక్టర్ ఇచ్చిన చిల్లర ఏ చేత పట్టాలి?

పూర్తిగా కనపడనివాళ్లకే ఇది అనుకోవద్దు. షుగర్‌తో రెటీనా మధ్యభాగం దెబ్బతిన్నవాళ్లు దారి చూసుకుని నడుస్తారు, అంకె మాత్రం ఆనదు. రేచీకటి ఉన్నవాళ్లు పగలు అంకె చదువుతారు, పొద్దుగూకితే లావెండర్ 100కూ నీలం 50కీ తేడా పట్టలేరు. ‘మంచిగనే నడుస్తున్నడు గదా’ అని దుకాణాలవాళ్లు అనుమానించేది వీళ్లనే.

బయట వేళ్లే నయం. కొత్త సిరీస్‌లో 100 మీద త్రిభుజం, 200 మీద హెచ్ ఆకారం, 500 మీద గుండ్రటి గుర్తు ఉబ్బెత్తుగా ఉంటాయి. ఎనుమాముల మార్కెట్లో నలిగి తిరిగిన నోటు మీద ఇవి అరిగిపోతాయి, అప్పుడు కొలతే దిక్కు. 146 × 66 మిల్లీమీటర్ల అట్టముక్క ఒకటి కోసి పర్సులో పెట్టుకోండి. 200 దానికి సరిగ్గా సరిపోతుంది. 500 పొడవులో 4 మిల్లీమీటర్లు బయటికొస్తుంది, 100 అంతే తగ్గుతుంది. పాత సిరీస్ నోట్లతో పైలం! పాత 20 పొడవు 147, అచ్చం 200 లాగే తగులుతుంది. దాని వెడల్పు 63 మాత్రమే కాబట్టి అట్టను అడ్డంగానూ ఆనించి చూడాలి. పాత 100 అయితే 157 × 73, కొత్త 500 కంటే పెద్దది.

మా సలహా: బయల్దేరేముందు మణితో సర్దుకుని 500ను పొడుగునా, 200ను అడ్డంగా మడిచి, 100ను మడవకుండా పెట్టుకోండి. తిరిగొచ్చిన చిల్లరను వేరే జేబులో వేసి, ఇంటికొచ్చాక యాప్‌కు ఒక్కో నోటే చూపండి.